మామూలు అద్దాలను ఎప్పుడు మారుస్తారు?

సంపాదకుడు గారికి,

మా అపార్ట్‌మెంట్ లాబీలో గాజు తలుపు వేసి ఉందని గమనించక, పోయిన నెల ఒక ఎనిమిదేళ్ల పిల్లవాడు పరుగున వచ్చి గుద్దుకున్నాడు. సెలవులకు అనంతపురం నుంచి వచ్చిన మా తోడికోడలి మనవడు. అద్దం కత్తుల్లా చీలి మోచేతి దగ్గర లోతుగా తెగింది. పద్నాలుగు కుట్లు పడ్డాయి.

అంతకన్నా బాధ కలిగించింది మర్నాడు జరిగింది. అక్కడ మళ్లీ అదే రకం అద్దం బిగించారు. టఫెన్డ్ గ్లాస్ వేయండని అడిగాను. "అది కొలతలిచ్చి చేయించాలమ్మా, టైమ్ పడుతుంది. ఇదైతే ఇప్పుడే కోసి పెట్టేస్తా" అన్నాడు పనికొచ్చిన అబ్బాయి. నిజమే, టఫెన్డ్ అద్దాన్ని బాగా కాల్చి ఒక్కసారిగా చల్లారుస్తారు, ఆ తర్వాత కోయడం కుదరదు. మామూలు దానికన్నా నాలుగైదు రెట్లు గట్టిది, పగిలినా మొండి అంచుల చిన్న ముక్కలుగా రాలుతుంది. కాబట్టి మన కళ్లముందే కోసి బిగించారంటే అది టఫెన్డ్ కాదు.

అయితే పై అంతస్తుల బాల్కనీ రెయిలింగుకు టఫెన్డ్ ఒక్కటే చాలదు. పగిలితే ముక్కలన్నీ కింద నడిచేవాళ్ల మీద పడతాయి, ఆనుకున్న మనిషికి ఆధారం పోతుంది. అక్కడ రెండు అద్దాల మధ్య ప్లాస్టిక్ పొర ఉండే లామినేటెడ్ గ్లాస్ కావాలి. పగిలినా ముక్కలు ఆ పొరకే అంటుకుని ఉంటాయి.

మనుషులు తగిలే చోట్ల ఎలాంటి గాజు వాడాలో భారతీయ ప్రమాణం ఐఎస్ 16231 నాలుగో భాగం చెబుతోంది. 2016 జాతీయ భవన నిర్మాణ కోడ్‌లోనూ గాజుకు ప్రత్యేక విభాగం ఉంది. మరి అంతకుముందు కట్టిన మా లాంటి భవనాల సంగతి ఎవరు చూస్తారు? బెంగళూరులో మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు ఇలాంటివి ఎన్నో ఉన్నాయి. నగరపాలక అధికారులు పాత అపార్ట్‌మెంట్లలో తలుపులు, రెయిలింగులు, మెట్ల పక్క అద్దాలు, బాత్రూమ్ పార్టిషన్లు ఏ రకానివో అసోసియేషన్ల చేత రాయించి తీసుకోవాలి, మార్చడానికి గడువు పెట్టాలి. ఈలోగా నివాసులు అద్దం మూలన అది టఫెన్డ్ అనో లామినేటెడ్ అనో తెలిపే చెరగని ముద్ర ఉందేమో చూసుకోవచ్చు. లేకపోతే మామూలు అద్దమనే అనుకుని, ముక్కలు చెదరకుండా పట్టి ఉంచే సేఫ్టీ ఫిల్మ్ అంటించుకోవడం మంచిది. మార్చేదానితో పోలిస్తే ఖర్చు తక్కువ.

మా లాబీ తలుపుకు పిల్లల కంటి ఎత్తులో ఒకటి, పెద్దల కంటి ఎత్తులో ఒకటి రంగు టేపులు నేనే అంటించాను. అద్దం మాత్రం ఇంకా అదే.

– ఒక పాఠకురాలు, మారతహళ్లి, బెంగళూరు