తప్పు అంచనాను కొట్టేయించకండి

అనంతపురం జిల్లా విద్యాశాఖాధికారి గారికి నమస్కారాలు.

తనిఖీకి వచ్చినవారు ముందు అడిగేది నోటు పుస్తకాలే. కొట్టివేతలు లేకుండా, పేజీ పేజీకీ ఎర్ర టిక్కు, కింద తేదీ, సంతకం ఉంటే చాలు, బడి బాగున్నట్టు. అందుకే జవాబు బోర్డు మీద పడుతుంది, పిల్లలందరూ దాన్నే ఎక్కించుకుంటారు. ఎవరికి ఎక్కడ అర్థం కాలేదో ఆ పుస్తకాల్లో ఎంత వెతికినా దొరకదు.

52లోంచి 27 తీసేస్తే 35 అని రాసే పిల్లది అజాగ్రత్త కాదండీ. 2లోంచి 7 పోదు కాబట్టి 7లోంచి 2 తీసేసింది. ఆ 35 మా కంటపడితేనే కదా, పుల్లల కట్ట విప్పి పదిని ఒకట్లుగా మార్చి చూపించేది!

సైన్సులో లోలకం, అంటే తాడుకు వేలాడగట్టి ఊపే రాయి, చూడండి. శెనక్కాయల సంచి కుట్టే పురికొస, ఒక రాయి, సెకన్ల ముల్లున్న గడియారం చాలు. ఊపకముందే అంచనా పెన్నుతో రాయించాలి. పెన్సిలైతే తర్వాత చెరిపేస్తారు. మీటరు పొడవుకు పది ఊపులకు (పోయి వెనక్కి వస్తే ఒక ఊపు) దాదాపు 20 సెకన్లు. బరువు రాయి కడితే వేగంగా ఊగుతుందని చాలామంది రాస్తారు. అప్పుడూ 20 సెకన్లే. పొడవు సగం చేస్తే 10 అంటారు, వచ్చేది 14. 10 రావాలంటే 25 సెంటీమీటర్లకు తగ్గించాలి. తన అంచనా తప్పిన పిల్లవాడే ఎందుకని అడుగుతాడు. చూసి రాసుకున్నవాడికి అడగడానికేముంటుంది?

ఇందులో టీచర్లు పొరబడే చోట్లూ ఉన్నాయి. వదలగానే ‘ఒకటి’ అంటే లెక్కకొచ్చేవి తొమ్మిది ఊపులే, ‘సున్నా’తో మొదలెట్టాలి. పొడవు ముడి దాకా కాదు, రాయి నడిమి దాకా కొలవాలి. పెద్ద రాయికి ఇది మరిస్తే, వచ్చిన తేడా బరువు వల్లేననుకుంటారు. పక్కకు లాగడం తాడు పొడవులో ఐదో వంతు దాటకూడదు.

మేం కోరేది ఒక ఉత్తర్వు. లెక్కల, సైన్సు పుస్తకాల్లో ఎడమ పేజీ అంచనాలకే వదలాలి. దాని మీద ఎర్ర సిరా పడకూడదు, మార్కులు అసలే వద్దు. మార్కు పెట్టిన మర్నాటికి తరగతంతా ఒకే అంచనా రాస్తుంది. తనిఖీలో ముందు ఆ పేజీనే అడగాలి. పిల్లలు భయం లేకుండా తమ అభిప్రాయం చెప్పగలగాలని 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షనే చెబుతోంది.

జూన్‌లో బడులు తెరిచేలోపు ఉత్తర్వు మండల విద్యాధికారులకు (ఎంఈవోలకు) చేరితే, కొత్త పుస్తకాల మొదటి పేజీ నుంచే మొదలుపెడతాం.

ఇట్లు,
జిల్లా లెక్కల, సైన్సు టీచర్లు కొందరు