మా రాళ్ళల్లో చేపలున్నాయి సార్: తెలంగాణ గనుల శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

మంత్రి గారికి నమస్కారం.

నేను మంచిర్యాల జిల్లాలో ప్రాణహిత పక్కనున్న ఊళ్ళో సైన్స్ టీచర్‌ని. మొన్న చలికాలంలో ఒక పిల్లాడు వాళ్ళింటి పునాదికి తోలించిన సున్నపురాయిలోంచి అరచేయంత ముక్క తెచ్చి చూపించాడు, నీళ్ళు పోసి తుడిచేసరికి గోరంత పొలుసులు, డైమండ్ ఆకారంలో, పెంకుటింటి పెంకుల్లాగ వరసగా, నల్లగా మెరుస్తూ కనపడ్డాయి. చేప పొలుసులు సార్ అవి. మిగతా రాయి ఎక్కడరా అంటే గోడలోకెళ్ళిపోయింది సార్ అన్నాడు. ఆ రోజు నాకు అన్నం సహించలేదు.

అది ప్రాణహిత ఒడ్డునున్న కోట అనే ఊరి పేరుతో పిలిచే సున్నపురాయి, సుమారు 18 కోట్ల ఏళ్ళ నాటిది. ఇందులో దొరికిన చేప గురించి 1851లోనే లండన్‌లో సైక్స్ అనే ఆయన రాశాడు, దాని పేరులోనే మన దక్కన్ ఉంది, లెపిడోటిస్ డెక్కనెన్సిస్. 1974లో జైన్ అనే శాస్త్రవేత్త ఇదే రాతిలోంచి సీలకాంత్ అనే ప్రాచీన వంశపు చేపని, మన దేశంలో మొట్టమొదటి సీలకాంత్ శిలాజాన్ని, లోకానికి చూపించారు.

పొలుసులు చెదరకుండా వరసలో ఉన్నాయంటే ఆ చేప కదలని నీళ్ళ అడుగున బురదలో పడి, ఇంకోటి పీక్కుతినేలోపే కప్పడిపోయిందని. ఈ చేపల చుట్టాలు యూరప్‌లో సముద్రపు రాళ్ళల్లో దొరుకుతాయి, మన దగ్గరేమో అదే రాతిలో మంచినీళ్ళ గుల్ల పురుగులు కూడా ఉన్నాయి, అందుకే ఇది సరస్సా, సముద్రం చెయ్యి చాచిన చోటా అని ఏళ్ళ తరబడి వాదన నడిచింది, ఎక్కువమంది సరస్సనే అంటారు. నాకైతే ఆ వాదనే పిల్లలకి అన్నిటికన్నా మంచి పాఠం, కానీ రాయి గోడలో ఉంటే ఏం చూపించి చెప్పాలి?

పక్కనే ఆసిఫాబాద్ వైపు ఇంకో వింత. డైనోసార్ల ఆఖరి రోజుల నాటి మట్టిలో టేకు చేపల పళ్ళు దొరికాయి, అదే, తోకకి ముల్లుండే చపటి చేప. గుల్లలు నమిలే బల్లపరుపు పళ్ళవి. గుంటుపల్లి ప్రసాద్ గారు, ఫ్రాన్స్ శాస్త్రవేత్త కాపెట్టా కలిసి 1993లో దానికి ఇగ్డాబాటిస్ ఇండికస్ అని పేరు పెట్టారు, ఇగ్డాబాటిస్ రకం చేపలు అంతకుముందు ఆఫ్రికాలోని నైజర్ దేశంలో దొరికాయి. ఇవాళ సముద్రానికి ఇంత దూరంలో ఉన్న ఊళ్ళల్లో సార్, ఒకప్పుడు ఉప్పునీళ్ళు దగ్గర్లోనే ఉన్నాయని చెప్తున్నది ఆ చిన్న పళ్ళే.

మన డైనోసార్లలో బారాపాసారస్ కలకత్తాలో ఉంది, కోటాసారస్ హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో ఉంది, సంతోషమే, కానీ మా పిల్లల్లో అక్కడిదాకా వెళ్ళినవాళ్ళు ఒక్కరూ లేరు. నది అవతల మహారాష్ట్రలో సిరోంచ దగ్గర వడధంలో ఫాసిల్ పార్క్ ఉంది. ఇవతల ఒడ్డున కనీసం ఒక బోర్డైనా పెట్టించండి సార్.

2022లో కేంద్రం ఇలాంటి శిలాజాలున్న చోట్లని కాపాడే జియో హెరిటేజ్ ముసాయిదా బిల్లు మీద అభిప్రాయాలు అడిగింది, దాని సంగతి ఢిల్లీ చూసుకుంటుంది. మీ చేతిలో ఉన్నది వేరే: ఈ సున్నపురాయి పొరలున్న చోట క్వారీ లీజు ఇచ్చేముందు జియాలజిస్టుతో ఒకసారి చూపించడం, చేపలున్న పొరల్ని ఆపడం, చెన్నూరులోనో ఆసిఫాబాద్‌లోనో ఒక గది ఇచ్చి దొరికినవి అక్కడే పెట్టించడం. ఆ పిల్లాడి ముక్క నా దగ్గరే బీరువాలో పాత చీరలో చుట్టి ఉంది, గది ఇచ్చిన రోజున వాడి చేత్తోనే తెచ్చి పెట్టిస్తాను.

ఇట్లు,
ప్రాణహిత ఒడ్డు నుంచి ఒక టీచర్