కుళాయి బెజ్జం కొలత నుంచి మొదలుపెట్టాలి

సంపాదకులకు,

వేసవి రాగానే తిరుపతిలో కొత్త పైపులైను, కొత్త రిజర్వాయరు మాటలే వినిపిస్తాయి. ఉన్న నీళ్లు ఎక్కడికి పోతున్నాయన్న మాట తక్కువ. ప్రాచీన రోమ్ నీటి సరఫరా గురించి రాసేవాళ్లూ ఎత్తయిన రాతి కమానుల దగ్గరే ఆగిపోతున్నారు. క్రీ.పూ. 312లో ఆ నగరానికి వచ్చిన మొదటి కాలువ ఆక్వా అప్పియా పొడవు సుమారు 16 కిలోమీటర్లు. అది దాదాపు మొత్తం భూమి లోపలే సాగింది. మనకు పనికొచ్చేది వాళ్లు నీటిని పంచిన తీరు, కాలువను కాపాడుకున్న తీరు.

మోటార్లు లేని కాలం కాబట్టి వాలే వాళ్లకు ఆధారం. ఫ్రాన్స్‌లోని నీమ్ పట్టణానికి రోమన్లు నీళ్లు తెచ్చిన 50 కిలోమీటర్ల పొడవైన కాలువలో మొత్తం వాలు సుమారు 12.6 మీటర్లే. అంటే సగటున కిలోమీటరుకు 25 సెంటీమీటర్లు. వాలు ఎక్కువైతే వడికి పూత లేచిపోతుంది, తక్కువైతే ఒండ్రు మేట వేస్తుంది. కాలువ లోపల సున్నంలో దంచిన పెంకుల పొడి కలిపి పూసేవారు. ఇక్కడి పాత కట్టడాల్లో వాడిన సుర్కీ లాంటిదే అది. ఊట నీళ్లలోని సున్నం గోడలకు రాయిలా పట్టేది. నీమ్ కాలువలో కొన్నిచోట్ల అది అర మీటరు మందానికి చేరువైంది. అందుకే పెద్ద కాలువలను మనిషి దిగి నడిచేంత ఎత్తుగా కట్టి, పైన దారి పొడవునా మ్యాన్‌హోళ్లు పెట్టారు.

క్రీ.శ. 97లో రోమ్ నీటి అధికారిగా వచ్చిన ఫ్రాంటినస్ చేసిన పని మన మున్సిపల్ ఇంజినీర్లందరూ చదవదగ్గది. ఆయన ముందుగా పాత రికార్డులు తిరగేశాడు. కాలువల్లోకి వచ్చిన నీళ్లు 12,755 క్వినారియాలని (అప్పటి నీటి కొలత), పంచినవి 14,018 అని అందులో రాసి ఉంది. వచ్చిన దానికంటే పంచింది ఎక్కువ ఎలా అవుతుంది? ఆయన ప్రతి కాలువ మొదట్లో స్వయంగా కొలిపించాడు. రికార్డులో ఉన్నదానికంటే దాదాపు 10,000 క్వినారియాలు ఎక్కువే వస్తున్నాయని తేలింది. క్వినారియా అంటే సుమారు 2.3 సెంటీమీటర్ల వ్యాసమున్న గొట్టం. ఆ కొలతలో లోపం లేకపోలేదు. అది గొట్టం వైశాల్యాన్నే చెబుతుంది, నీటి వడిని లెక్కలోకి తీసుకోదు. వడి పెరిగితే నీళ్లు పెరుగుతాయని ఆయనకు తెలుసు, లెక్కగట్టే సాధనమే లేదు.

దొంగతనం జరిగిన తీరు చూడండి. నీటి హక్కు వారసుడికి గానీ ఇల్లు కొన్నవాడికి గానీ దక్కదు, కొత్తగా అనుమతి తెచ్చుకోవాలి. అలా తెచ్చుకున్నవాడికి సిబ్బంది ట్యాంకుకు కొత్త బెజ్జం పొడిచి, పాతది మూయకుండా దాని నీళ్లు అమ్ముకునేవారు. వీధుల కింద పోయే గొట్టాలకు దారి పొడవునా దొంగ బెజ్జాలు ఉండేవి. వాటిని పీకించినప్పుడు బోలెడు సీసం చేతికొచ్చిందని ఆయనే రాశాడు.

దీనికి విరుగుడు కాలిక్స్ అనే చిన్న గొట్టం. ఇంటి కనెక్షన్‌కు ఎన్ని నీళ్లు వెళ్లాలో నిర్ణయించేలా ఈ రోజు మెయిన్ పైపుకు బిగించే ఫెర్రూల్ చేసే పనే అది చేసేది. సీసాన్ని సాగదీయవచ్చు కాబట్టి దీన్ని కంచుతో చేయించి, కొలత చూసి ముద్ర వేసేవారు. పొడవు 12 వేళ్ల వెడల్పుకు, అంటే సుమారు 22 సెంటీమీటర్లకు, తగ్గకూడదు. అన్నీ ఒకే మట్టంలో ఉండాలి. కిందికి పెట్టినది ఎక్కువ నీళ్లు లాగుతుంది, పైకి పెట్టినదానికి తక్కువ అందుతాయి. దాని వెంటనే లావు గొట్టం తగిలించినా ఎక్కువ నీళ్లు వస్తాయి కాబట్టి మొదటి 50 అడుగుల దాకా అదే సైజు గొట్టం ఉండాలన్నది నిబంధన.

రోమన్ల కాలపు పాంపేయి పట్టణంలో ఎగువ కొసకూ దిగువ కొసకూ 30 మీటర్లకు పైగా ఎత్తు తేడా ఉంది. నీళ్లు నేరుగా దిగితే సీసపు గొట్టాల అతుకులు విచ్చిపోతాయి. అందుకని వీధి మూలల్లో సుమారు 6 మీటర్ల స్తంభాలు కట్టి, పైన చిన్న సీసపు తొట్టెలు పెట్టి, ఒత్తిడిని మెట్లుమెట్లుగా తగ్గించారు.

మరమ్మతుల్లోనూ క్రమం ఉండేది. వాడకం ఎక్కువయ్యే వేసవిలో కాలువ ఆపకూడదు. వసంతంలోనో శరత్తులోనో, అన్నీ ముందే సిద్ధం చేసుకుని, ఒక్కసారికి ఒక్క కాలువే ఆపాలి. చెట్ల వేర్లు కట్టడాన్ని చీలుస్తాయని కమానులకు ఇరువైపులా 15 అడుగుల ఖాళీ జాగా వదలాలని క్రీ.పూ. 11లో సెనేట్ తీర్మానించింది. ఉల్లంఘిస్తే 10,000 సెస్టెర్సుల జరిమానా.

మన ఊళ్లలో కుళాయికి నేరుగా మోటారు బిగించడం మామూలైపోయింది. దానివల్ల చివరి ఇళ్లకు నీళ్లు ఎక్కకపోవడం ఒక్కటే నష్టం కాదు. పైపులో ఒత్తిడి పడిపోయి, లీకున్న చోట పక్కనున్న మురుగు లోపలికి పీల్చుకుంటుంది. వేసవి ముగిసేలోగా ప్రతి వీధిలో ఫెర్రూల్ సైజు తనిఖీ చేయాలి. పాత కనెక్షన్ రద్దయితే మెయిన్ దగ్గరే మూయాలి, ఇంటి గేటు దగ్గర కాదు. కల్యాణి డ్యామ్ నుంచీ తెలుగుగంగ నుంచీ ఎంత వచ్చింది, ఏ ఓవర్‌హెడ్ ట్యాంకు నుంచి ఎంత వదిలారు, ఈ రెండు అంకెలూ వార్డు సచివాలయం బోర్డు మీద రోజూ రాయాలి.

ఒక విశ్రాంత ఇంజినీరు, తిరుపతి