లప్పం కింద తుప్పు

సంపాదకులు గారికి,

నమస్కారం. రేవు నుంచి మార్కెట్‌కి చేపలు తోలే పాత టాటా 407 నాది. పోయిన వర్షాకాలంలో ఓ తెల్లవారుజామున చక్రం గుంటలో పడగానే క్లచ్ మీదున్న నా కాలికి బురదనీళ్ళు చిమ్మాయి. రబ్బరు మ్యాట్ ఎత్తి చూస్తే అరచెయ్యంత చిల్లు. కింద రోడ్డు కనబడుతోంది.

ఆ చోటు అంతకు రెండేళ్ళ ముందు ఓ షెడ్డులో డబ్బు పోసి బాగుచేయించిందే. స్క్రూడ్రైవరుతో గీకితే లప్పం పెచ్చులుగా ఊడింది. దాని కింద ఎంసీల్, దాని కింద ఉండచుట్టి కుక్కిన కాగితం. కొత్త రేకు ముక్కే లేదు. రెండేళ్ళు నా మడమ ఆనింది ఆ కాగితం మీద. తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడే.

ఈసారి ఇంటి దగ్గరే చేశాం. మా బావమరిది గ్రిల్స్ వెల్డింగ్ చేస్తాడు. ముందు బ్యాటరీ వైర్లు ఊడదీశాం. రేకు వెనకవైపున్న వైరింగ్, డీజిల్ పైపు పక్కకి తప్పించాం. తడి గోనెసంచి, బకెట్ నీళ్ళు చేతికి అందేలా పెట్టుకున్నాం. గ్రైండరుకి వైరు బ్రష్ తగిలించి రంగంతా లేపేసరికి అరచెయ్యంత చిల్లు జానెడున్నర అయింది. ఇక్కడే చాలామంది ఆగిపోతారు. ఆగకూడదు. సుత్తితో కొడితే ఖణేల్‌మని పలికే రేకు తగిలేదాకా కోసెయ్యాలి. తుప్పు పట్టిన అంచుకి టాకా వేస్తే నిలవదు.

అట్టముక్క మీద కొలత గీసి, దాని ప్రకారం 18 గేజి రేకు కత్తిరించాం. జింకు పూత ఉన్న జీఐ రేకు మిగిలి ఉంది కదా అని నేనంటే బావమరిది ఒప్పుకోలేదు. దాన్ని కాలిస్తే వచ్చే జింకు పొగకి జ్వరం వస్తుందట, వాడికి అనుభవమే. మామూలు రాడ్డు వెల్డింగ్‌కి పలచటి రేకు కాలి కొత్త చిల్లులు పడుతుంటే, తెలిసినవాళ్ళ దగ్గర సీఓటూ మిషను (గ్యాస్ వాడి సన్న తీగతో అతికే వెల్డింగ్ మిషను) ఒక పూటకి అడిగి తెచ్చాం. ఒకేచోట వరసగా కాల్చకుండా ఇక్కడొకటి అక్కడొకటి టాకాలు వేస్తూ, మధ్యలో చల్లారనిస్తూ పోతే రేకు వంకర తిరగలేదు. తర్వాత పైనా కిందా రెడ్ ఆక్సైడ్, అతుకుల్లో సీలర్, అడుగున తారు కోటింగ్. నీళ్ళు పోవడానికి కంపెనీ పెట్టిన చిన్న రంధ్రాలు మాత్రం మూయలేదు. క్యాబిన్ రేకు వరకే ఇంట్లో చేసుకోవచ్చు. ఛాసిస్‌కి తుప్పు పడితే చెయ్యి పెట్టకండి, అది పనితెలిసిన మేస్త్రి పని.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, ఆ చిల్లు ఊరికే పడింది కాదు. రేవులో ఉప్పునీళ్ళలో తిరిగిన చెప్పులతోనే బండెక్కుతాం. ఆ తడి మ్యాట్ కింద చేరి ఆరదు. ఉప్పు అనేది గాలిలోని తేమను కూడా లాక్కుంటుంది. వెనక కరిగిన ఐసునీళ్ళు బాడీ అడుగునంతా ఇదే పని చేస్తాయి. పైన లప్పం వేస్తే తడి లోపలే ఉండి ఇంకా తింటుంది. ఎనిమిదేళ్ళు దాటిన రవాణా బండికి ఏటా ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్ తనిఖీ) ఉంటుంది. దాని ముందు లప్పం పెట్టి రంగు కొట్టించేవాళ్ళని ఎందరినో చూశాను. బండి అమ్మేటప్పుడూ అంతే. కొనేవాళ్ళు మ్యాట్ ఎత్తి, అయస్కాంతం పెట్టి చూసుకోండి. మందంగా లప్పం ఉన్నచోట అది అంటుకోదు.

నేను తిరిగే రేవుల్లో బండి కడుక్కోవడానికి మంచినీళ్ళ కుళాయి ఎక్కడా లేదు. ఐసుకి, కాటాకి, పార్కింగుకి అన్నిటికీ డబ్బు కడుతున్నాం, నీళ్ళకీ కడతాం. లోడు దించి వచ్చాక ఒక పైపు, పది నిమిషాలు చాలు. దయచేసి ఈ సంగతి మీ పత్రిక ద్వారా మత్స్యశాఖ అధికారుల దృష్టికి తీసుకెళ్ళండి. అప్పటిదాకా నేను రోజూ రెండు క్యాన్ల బోరునీళ్ళు బండిలో వేసుకునే వెళ్తున్నాను.

ఇట్లు,
ఒక 407 యజమాని,
కృష్ణా జిల్లా