భక్తులు విశ్వాసులెప్పుడయ్యారు?

సంపాదకులు గారికి,

మూలా నక్షత్రం మర్నాడు మీ జిల్లా పేజీలో వచ్చిన శీర్షిక గురించి ఈ ఉత్తరం. దసరా సందడి సద్దుమణిగాక రాద్దామని ఆగాను. ఈలోగా మీరే సవరణ వేస్తారేమోనన్న ఆశ కూడా ఉంది లెండి. వెయ్యలేదు. 'ఇంద్రకీలాద్రికి పోటెత్తిన విశ్వాసులు' అట! ఆనాటి క్యూలైన్ల భాగోతం బెజవాడంతా చూసిందే గనక అందులోకి పోను. అమ్మవారు సరస్వతిగా దర్శనమిచ్చిన రోజునే మాటకింత అన్యాయం జరగాలా?

కొండెక్కేవాళ్లు భక్తులు. 'విశ్వాసి' తెలుగులో క్రైస్తవుల మాటగా కుదురుకుని చాలా కాలమైంది. ఖురాన్ తెలుగు అనువాదాల్లోనూ ఈమాన్‌ను విశ్వాసమనీ, మోమిన్‌ను విశ్వాసి అనీ రాస్తారు. ఒక బోధను సత్యమని ఒప్పుకున్నవాడు విశ్వాసి, కొలిచేవాడు భక్తుడు. తేడా మతంలో కాదు, చేసే పనిలో ఉంది. అందుకే ఫిబ్రవరిలో గుణదల మేరీమాత ఉత్సవాలకు వెళ్లి తలనీలాలిచ్చి, కొబ్బరికాయ కొట్టేవాళ్లను ఈ ఊళ్లో అందరూ భక్తులనే అంటారు. వాళ్లే ఆదివారం ఆరాధనకు వెళ్తే విశ్వాసులు. జనానికి ఉన్న ఈ పాటి వివేకం డెస్కులో లేకపోయింది. ఇంగ్లీషు కాపీని అనువాదం చేసే మిషన్ నోట్లో పెడితే అది మొదట తోచిన అర్థం ఉమ్మేస్తుంది, దాన్ని కడిగి వడ్డించే మనిషి లేడు. జరిగింది ఇదే అయ్యుంటుంది.

ఇది ఒక్క శీర్షికతో పోయేది కాదు. నమ్మకం, విశ్వాసం, శ్రద్ధ మూడూ ఒకటేనన్నట్టు మీ పేజీల్లో కలిపి కొడుతున్నారు. నమ్మకం అచ్చ తెలుగు. అది కుదురుతుంది, సడలుతుంది, వమ్మవుతుంది. చిట్టీ వేసేటప్పుడు చూసేది నమ్మకం. విశ్వాసం సంస్కృతం. ఊపిరి తీసుకోవడమనే అర్థం గల 'శ్వస్' ధాతువుకు 'వి' చేరి, గుండె మీద చెయ్యేసుకుని నిశ్చింతగా ఉండడమయింది. కానీ వాడుకలో దానికి కృతజ్ఞత కూడా అంటుకుంది. కుక్కకు ఉండేది విశ్వాసం, తిన్న ఉప్పుకు చూపేది విశ్వాసం. కనక 'ఖాతాదారుల్లో సన్నగిల్లిన విశ్వాసం' అని రాస్తే వాళ్లు బ్యాంకును నమ్మడం లేదనా, దేవుణ్ని నమ్మడం మానేశారనా, తిన్నింటి ఉప్పు మరిచారనా? 'నమ్మకం' అంటే ఏ గొడవా లేదు.

నమ్మబలకడం మరో ముచ్చట. ఆ మాటలోనే మోసం వాసన ఉంది. మొన్న 'బిల్లులు త్వరలో చెల్లిస్తామని అధికారి నమ్మబలికారు' అని వేశారు. హామీ ఇచ్చారనాలి. పొరపాటున నిజం రాశారేమో, అలాగైతే ఈ ఒక్కదానికీ నా అభ్యంతరం వెనక్కి తీసుకుంటాను.

క్రైమ్ పేజీలో మోసం కేసులన్నీ నమ్మకద్రోహాలే. అప్పగించిన సొమ్మును దిగమింగితే నమ్మకద్రోహం, అది ఐపీసీలో 406. మొదటినుంచీ మాయమాటలు చెప్పి సొమ్ము గుంజితే మోసం, అది 420. 2024 జులై 1 నుంచి వచ్చిన కొత్త న్యాయ సంహితలో ఇవే 316, 318 అయ్యాయి. సెక్షన్ మారిందని మాటల అర్థం మారదు కదా.

ఇక అవిశ్వాసం. 'అవిశ్వాసంలో నెగ్గిన చైర్మన్' అని చదివి, పదవి ఉందో ఊడిందో తెలుసుకోవడానికి వార్త చివరిదాకా పోవాల్సి వచ్చింది. తీర్మానం నెగ్గితే కుర్చీ పోయినట్టు, వీగిపోతే నిలిచినట్టు. నెగ్గింది మనిషా తీర్మానమా అన్నది శీర్షికలోనే తేలాలి. అవిశ్వాసం పెట్టేది ఎదుటి పక్షం, లోక్‌సభలో దానికి కనీసం 50 మంది మద్దతు కావాలి. 1963లో నెహ్రూ ప్రభుత్వం మీద కృపలానీ పెట్టింది అదే, అది వీగిపోయింది. బలం ఉందని ప్రభుత్వమే పెట్టుకునేది విశ్వాస తీర్మానం. 1999 ఏప్రిల్‌లో వాజ్‌పేయి ఒక్క ఓటుతో ఓడింది ఈ రెండోదానిలో. ఆయన అవిశ్వాసంలో ఓడినట్టు మీరు ఇప్పటికి ఎన్నిసార్లు రాశారో లెక్కపెట్టడం మానేశాను.

మిమ్మల్నొక్కరినే అని లాభం లేదు. అధికారుల బోర్డుల మీదికి హిందీ నుంచి 'శ్రద్ధాళువులు' దిగుమతవుతున్నారు. అక్కడ ఆ మాటకు భక్తులని అర్థం. తెలుగులో శ్రద్ధంటే పని మీద మనసు పెట్టడం, అశ్రద్ధంటే నిర్లక్ష్యం. 'శ్రద్ధాళువులు చెప్పులు ఇచ్చట విడువవలెను' అంటే శ్రద్ధ లేనివాళ్లు వేసుకుని లోపలికి పోవచ్చా? అధికార భాషా చట్టం 1966లో వచ్చింది. ఏటా ఆగస్టు 29న గిడుగు వారి పటానికి దండ పడుతూనే ఉంది. బోర్డు మీద అక్షరం చూసే నాథుడు మాత్రం లేడు. 2028లో మళ్లీ కృష్ణా పుష్కరాలు. ఘాట్ల బోర్డులు రాయించేదీ ఈ మహానుభావులేనంటే ఇప్పట్నుంచే గుండె దడగా ఉంది.

ఫ్లెక్సీల సంగతి సరేసరి. 'శ్రద్ధాంజలి'లో ద కింద ధ వత్తు ఉండాలి. బెంజి సర్కిల్ దాకా నడిచి చూడండి, ఎక్కడ చూసినా 'శ్రద్దాంజలి', పక్కనే 'అశృనివాళి'. కన్నీరు 'అశ్రు', క్రావడితో రాయాలి, వట్రసుడితో కాదు. ఫ్లెక్సీ వేసే కుర్రాడు ఫోన్లో వచ్చిన మెసేజీని ఉన్నదున్నట్టు అంటిస్తాడు, అతణ్ని తప్పుపట్టలేం. తప్పొప్పులు తేల్చుకోవడానికి ఒకప్పుడు జనం చూసింది పత్రికనే. ఇప్పుడు ఏ పండగొచ్చినా, ఎవరి పండగైనా, 'భక్తిశ్రద్ధలతో జరుపుకున్నారు' అన్న ముక్క తయారుగా పెట్టుకుంటున్నారు. మొన్న అదే ముక్క బారికేడ్ల దగ్గర జనం ఒకర్నొకరు తోసుకుంటున్న ఫొటో కింద కనిపించింది.

ఈ ఉత్తరం వేస్తే సంతోషం. వేసేటప్పుడు దయచేసి శ్రద్ధలో వత్తు ఎగరగొట్టకండి.

ఒక పాత చందాదారు,
సత్యనారాయణపురం, విజయవాడ