పూలు చల్లిన మాకెవరు శిక్షణ ఇస్తారు?

గౌరవనీయులైన తెలంగాణ ముఖ్యమంత్రి గారికి,

హోం శాఖ కూడా మీ దగ్గరే ఉంది కాబట్టి మీకే రాస్తున్నాను. ఏ ఘోరం జరిగినా పోలీసులకు మెరుగైన శిక్షణ ఇస్తామని ప్రభుత్వాలు అంటుంటాయి. ఇవ్వండి, కాదనను. 2019 నవంబరులో హైదరాబాద్ దగ్గర అత్యాచారానికి, హత్యకు గురైన పశువైద్యురాలు దిశ ఆ రాత్రి ఇంటికి రాలేదని ఇంటివాళ్లు స్టేషన్‌కు వెళ్తే, మా పరిధి కాదంటూ పోలీసులు తిప్పారని ఆమె కుటుంబమే చెప్పింది. ముగ్గురు సిబ్బంది సస్పెండయ్యారు. ముందు జీరో ఎఫ్ఐఆర్ రాసుకుని, పరిధి సంగతి తర్వాత చూసుకోవాలని గట్టిగా నేర్పితే ఇలాంటివి తగ్గుతాయి.

మరి డిసెంబరు 6న షాద్‌నగర్ దగ్గరి చటాన్‌పల్లిలో జరిగిందో? ఆ కేసులో నిందితులైన నలుగురు లారీ పనివాళ్లు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. జనం పోలీసుల మీద పూలు చల్లారు, స్వీట్లు పంచారు, రాఖీలు కట్టారు. అంతకు కొద్దిరోజుల ముందే రాజ్యసభలో ఒక సభ్యురాలు ఇలాంటివాళ్లను జనానికి అప్పగించి చంపించాలన్నారు. ఈ కాల్పులపై విచారణకు సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022లో బయటికొచ్చింది. చంపాలనే కాల్చారని, పదిమంది పోలీసులపై విచారణ జరగాలని అందులో ఉంది. చనిపోయినవాళ్లలో ముగ్గురు అప్పటికి మైనర్లని కూడా ఉంది. ఆ రోజు పూలు పట్టుకెళ్లినవాళ్లలో ఆ నివేదిక ఎందరు చదివారో!

నిందితుణ్ణి కోర్టులో నిలబెట్టాలని తెలియని పోలీసు ఉండడు సార్. కోర్టులో కేసు ఏళ్ల తరబడి నలుగుతుందని, కాల్చేస్తే సాయంత్రానికి హీరో అయిపోతామని కూడా అతనికి తెలుసు. ఈ రెండోది ఏ అకాడమీలోనూ చెప్పరు. ఊరే నేర్పుతుంది. పద్దెనిమిదేళ్లయినా నిండకుండా లారీల మీద పనికి పోయే పిల్లల సంగతి, రాత్రిపూట ఒంటరిగా ఆగిన ఆడమనిషికి సాయం చేసే దిక్కులేని రోడ్ల సంగతి కూడా ఎస్సై క్లాసులో తేలేవి కావు. అవి విద్యాశాఖ, కార్మికశాఖ, రవాణాశాఖ పట్టించుకోవాల్సినవి. వాటిని వదిలేసి అంతా ఖాకీ నెత్తిన పెట్టడం మనకు అలవాటైపోయింది.

పోలీసుల వైపు నుంచి నేనడిగేవి కొత్తవి కావు. పోలీసు సంస్కరణల కోసం వేసిన ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2006లోనే చెప్పింది: స్టేషన్ అధికారికి కనీసం రెండేళ్ల పదవీకాలం, శాంతిభద్రతలకూ దర్యాప్తుకూ వేర్వేరు సిబ్బంది, జిల్లాల్లోనూ పోలీసులపై ఫిర్యాదులు వినే అథారిటీ. ఎమ్మెల్యే సిఫార్సు లేఖతో పోస్టింగు వచ్చిన ఎస్సైకి ఎన్ని క్లాసులు చెప్పినా, ఎమ్మెల్యే ఫోన్ వస్తే అతను ఎవరి మాట వింటాడో మీకు తెలియనిది కాదు.

చటాన్‌పల్లి వ్యవహారాన్ని సుప్రీంకోర్టు 2022లోనే హైకోర్టుకు అప్పగించింది. అక్కడ మీ ప్రభుత్వం ఏ వైపు నిలబడుతుందో ప్రజలకు చెప్పండి. శిక్షణకు కొత్త నిధులు ప్రకటించే రోజునే చెప్పినా సరే.

ఇట్లు,
తెలంగాణ పౌరుడు