మొదటి బడి ఏ దేశంలో?

అద్దంకి

చిరంజీవి లాస్యకు,

అమ్మ ఆశీర్వదించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. నాన్న మోకాలు నొప్పి తగ్గింది, పొద్దున్నే నడుస్తున్నారు.

ఇంగ్లీషు టీచరుగా వెళ్లడానికి నువ్వు రాసి పంపిన దేశాల లిస్టు చూశాను. జపాన్, కొరియా, వియత్నాం, థాయ్‌లాండ్, చివర్లో చైనా, దాని పక్కన ప్రశ్నార్థకం. ఫోనులో ఇదంతా మాట్లాడుకోవడం కుదరడంలేదు. కాగితం మీద పెడితే నీకు మళ్లీ చూసుకోవడానికి ఉంటుందని రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. వెళ్లు. నా ఉద్యోగమంతా జిల్లా పరిషత్ హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పడంలోనే గడిచింది. కొత్త పిల్లల ముందు నిలబడి పాఠం చెప్పాలన్న కోరిక ఎలాంటిదో నాకు బాగా తెలుసు. కానీ ఎక్కడ మొదలుపెట్టాలన్న దానిమీద నా అభిప్రాయం వేరు. నువ్వు జీతం ఎక్కువున్న దేశాన్ని పైన పెట్టి, తక్కువున్నదాన్ని కిందకు తోశావు. నేనైతే రెండే ప్రశ్నలు అడుగుతాను. నీ దగ్గరున్న కాగితాలతో, నీ పేరుమీద, చట్టప్రకారం బోర్డు ముందు నిలబడనిచ్చే దేశం ఏది? అక్కడ ఏడాది పొడుగునా అవే పిల్లలు నీ ముందు కూర్చుంటారా? ఈ రెంటికీ అవుననిపించిన చోటే మొదటి ఉద్యోగం వెతుక్కో. డబ్బు సంగతి ఆ తర్వాత.

జపాన్ నీకు ఎంత ఇష్టమో తెలుసు. 1987 నుంచి వాళ్లు జెట్ ప్రోగ్రాం కింద బయటి దేశాల యువతను పిలిపించి బడుల్లో అసిస్టెంటు టీచర్లుగా పెట్టుకుంటున్నారు. అయితే అక్కడి బడుల్లో భాష చెప్పడానికిచ్చే ఇన్‌స్ట్రక్టర్ వీసాకు ఒక నిబంధన ఉంది. ఏ భాష నేర్పాలనుకుంటున్నావో ఆ భాషా మాధ్యమంలో కనీసం 12 ఏళ్లు చదివి ఉండాలి. నువ్వు పదో తరగతి దాకా మా బళ్లోనే తెలుగు మీడియం. ఇంటర్ రెండేళ్లు, డిగ్రీ మూడు, ఎం.ఏ. రెండు, బీఈడీ రెండు. మొత్తం తొమ్మిది. మూడేళ్లు తక్కువ పడుతున్నాయి. సంభాషణ నేర్పే ప్రైవేటు సంస్థలకు వేరే వీసా ఉంది, దానికి డిగ్రీ చాలు. కానీ అక్కడ ఎక్కువగా సాయంత్రం పూట వచ్చిపోయే వాళ్లకు చెప్పాలి. అది బడి కాదు. నీకు కావలసింది బడి.

కొరియాలో విదేశీ భాష చెప్పేవాళ్లకిచ్చే ఈ-2 వీసా అసలు ఏడు దేశాల పాస్‌పోర్టులకే: అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, ఐర్లాండ్, దక్షిణాఫ్రికా. 2010లో అమల్లోకి వచ్చిన భారత్-కొరియా ఒప్పందం వల్ల ఇంగ్లీషు డిగ్రీ, టీచరు అర్హత రెండూ ఉన్న మనవాళ్లకు చిన్న వెసులుబాటు దొరికింది. ఆ దారి చాలా ఇరుకు. అనుభవం చేతికొచ్చాక ప్రయత్నించు. చైనాలో కూడా ఇంగ్లీషు మాతృభాషగా ఉన్న దేశాలవాళ్లకే మొదటి పీట. పైగా 2021 జులైలో అక్కడి ప్రభుత్వం ప్రైవేటు ట్యూషన్ల మీద ఆంక్షలు పెట్టాక ఎన్నో కోచింగ్ సంస్థలు మూతపడ్డాయి. నువ్వు పెట్టిన ప్రశ్నార్థకం అలాగే ఉంచు.

ఇక మిగిలినవి వియత్నాం, థాయ్‌లాండ్. అసలు ఆలోచించాల్సింది ఈ రెంటి మధ్యే.

వియత్నాం వీడియోల్లో గంటకు ఇన్ని డాలర్లని చెబుతున్నారు. అక్కడ ఇంగ్లీషు సెంటర్లు విపరీతంగా ఉన్నాయి, పిల్లల్ని చదివించుకోవాలన్న తపన తల్లిదండ్రుల్లో మనకంటే తక్కువేమీ కాదు. కానీ సెంటర్లలో పని సాయంత్రాలు, శని ఆదివారాలు. ఈ బ్యాచ్ అయిపోగానే ఇంకో బ్యాచ్. గంటల లెక్కన జీతం కాబట్టి క్లాసు రద్దయితే ఆ మేరకు డబ్బు కూడా పోతుంది. టెట్ అనే వాళ్ల కొత్త సంవత్సరం పండుగ సెలవులకు చాలాచోట్ల పైసా రాదు. కొత్త టీచరుకు కావలసింది రోజూ పొద్దున అదే గదిలో అవే ముఖాలు. సోమవారం చెప్పింది గురువారానికి ఎంత మిగిలిందో కళ్లారా చూసుకుంటేనే టీచరు తయారవుతుంది. అందుకే రెండో మజిలీకి వియత్నాం నాకూ సమ్మతమే. మొదటిది మాత్రం థాయ్‌లాండ్‌లో మామూలు బడి కావాలి. బ్యాంకాక్‌కు దూరంగా, ఈసాన్ అనే ఈశాన్య ప్రాంతం వైపు ఖోన్ కేన్, ఉబోన్ లాంటి ఊళ్లలో అయితే మరీ మంచిది.

ఎందుకంటే అక్కడ నీ బీఈడీకి విలువుంది. బడిలో చెప్పే ప్రతి విదేశీయుడికీ థాయ్ టీచర్ల కౌన్సిల్ అనుమతి ఉండాలి, ఆ కౌన్సిల్‌ను ఖురుసఫా అంటారు. విద్యలో డిగ్రీ లేనివాళ్లు బడి తెచ్చిపెట్టే తాత్కాలిక అనుమతితో నెట్టుకురావాలి, దానికి గడువుంటుంది. నువ్వు పూర్తి లైసెన్సు దారిలో వెళ్లగలవు. మనలాగా ఇంగ్లీషు మాతృభాష కాని దేశాలవాళ్లను టోయిక్ అనే ఇంగ్లీషు పరీక్ష స్కోరు అడుగుతారు, మామూలుగా 600 దాటాలి. 990కి ఆరొందలు నీకు లెక్కే కాదు. అయినా ముందుగా రాసి పెట్టుకో.

అక్కడ మొదటి టర్ము మే నెల మధ్యలో మొదలవుతుంది, అక్టోబరులో సెలవులిచ్చి నవంబరులో రెండోది మొదలుపెడతారు, మార్చికల్లా అయిపోతుంది. మార్చి, ఏప్రిల్లో బడులు టీచర్ల కోసం వెతుకుతాయి. అక్టోబరులో మళ్లీ కొన్ని ఖాళీలు పడతాయి. సర్కారీ బడిలో తరగతికి నలభై, యాభై మంది ఉంటారు. ఆ మాట విని కొందరు భయపడతారు. నువ్వు నా క్లాసులో కూర్చుని చదివినదానివి, నీకు భయమేమిటి?

మా సైన్సు మేడమ్ గారి కోడలు ఈసాన్‌లోనే మూడో ఏడాది పనిచేస్తోంది. తనతో చాలాసేపు మాట్లాడాను. అగ్రిమెంటు బడితో చేసుకున్నావా, ఏజెన్సీతోనా అన్నది అన్నిటికంటే ముందు చూసుకోమంది. ఏజెన్సీ అయితే చాలాసార్లు పది నెలలకే రాస్తారట. ఏప్రిల్లో జీతం ఉండదు, అద్దె మాత్రం కట్టాలి. వర్క్ పర్మిట్ ఎవరు చేయిస్తారు, ఖర్చెవరిది, వారానికి ఎన్ని పీరియడ్లు, పక్కన థాయ్ టీచరు ఉంటారా, పాఠం ఎలా చెబుతున్నావో చూసి చెప్పే పెద్దవాళ్లు ఉన్నారా? ఈ ప్రశ్నలన్నీ మెయిల్లో అడిగి, జవాబు కూడా మెయిల్లోనే తీసుకో.

ఇంకో సంగతి నీకు బాధ కలిగించేది. చాలాచోట్ల అదే బడి, అదే పాఠం, కానీ తెల్ల టీచరుకు ఒక జీతం, ఫిలిప్పీన్స్ వాళ్లకూ మనకూ అంతకంటే తక్కువ జీతం. అది అన్యాయం. అన్యాయమని తెలిసే వెళ్లు, ఎంతకు తగ్గకూడదో ముందే గీత గీసుకుని వెళ్లు. కొందరు ఏజెంట్లు ఇంకా ముందుకెళ్లి, తల్లిదండ్రులు అడిగితే కెనడా నుంచో లండన్ నుంచో వచ్చానని చెప్పమంటారు. ఆ మాట ఎవరి నోట విన్నా వెంటనే ఫోను పెట్టేసెయ్. అద్దంకి నుంచి వచ్చానని చెప్పు. తెలుగు మీడియంలో చదివి ఇంగ్లీషు నేర్చుకున్నానని చెప్పు.

దాన్ని నువ్వు లోటుగా చూస్తున్నావని నాకు అనుమానం. జపాన్ కాగితాల్లో లోటే, క్లాసులో మాత్రం కాదు. నీ ఆరో తరగతి గుర్తు తెచ్చుకో. ముందు బెంచీ పిల్లలంతా ‘ఇస్కూలు’ అనేవాళ్లు. ముందు పాము బుసకొట్టినట్టు ‘స్‌స్‌స్’ అని పొడుగ్గా అనిపించి, ఆ బుస ఆగకుండానే ‘కూల్’ కలపమనేదాన్ని. మొదట్లో నవ్వులే నవ్వులు. వారం తిరిగేసరికి ఆ ‘ఇ’ రాలిపోయేది. థాయ్ పిల్లల ఇబ్బంది వేరుగా ఉంటుంది. వాళ్ల భాషలో మాట చివర స, ల పలకవు. అందుకని బస్ ‘బట్’ అవుతుంది, బిల్ ‘బిన్’ అవుతుంది. క్రియకు భూతకాలం రూపం లేదు, బహువచనానికి ప్రత్యయం లేదు, కాబట్టి ‘ఎస్టర్‌డే ఐ గో’ అంటారు, ‘టూ బుక్’ అంటారు. పుట్టుకతో ఇంగ్లీషు మాట్లాడే టీచరు అది తప్పని చెప్పగలుగుతుంది. ఆ తప్పు ఎక్కణ్ణుంచి వస్తోందో, నాలుకను ఎక్కడికి తిప్పాలో నువ్వు చూపించగలవు, ఎందుకంటే ఆ దారంతా నువ్వు నడిచి వచ్చావు. నేను ఎర్ర సుద్దముక్కతో మాట చివరి అక్షరం రాసేదాన్ని చూడు, అది అక్కడ బాగా పనికొస్తుంది. ఇంటర్వ్యూలో డెమో అడిగితే ఇదే చేసి చూపించు.

ఎలాగూ హైదరాబాదులోనే ఉన్నావు. తార్నాకలో ఇఫ్లూ ఉంది. 1958లో ఇంగ్లీషు టీచర్లకు శిక్షణ ఇవ్వడానికే పెట్టిన సంస్థ అది, విదేశీ భాషలు ఆ తర్వాత వచ్చి చేరాయి. ఆసియా, ఆఫ్రికా దేశాల నుంచి ఇంగ్లీషు నేర్చుకోవడానికి అక్కడికి వస్తుంటారు. ఆన్‌లైన్లో ఆఫర్‌లో దొరికే 120 గంటల ఇంగ్లీషు బోధన సర్టిఫికెట్ కంటే, అక్కడి పీజీసీటీఈ అనే ఇంగ్లీషు బోధన కోర్సు చేస్తే ఎంతో నేర్చుకుంటావు. కొన్ని ఉద్యోగాలకు ఆ 120 గంటల కాగితం కూడా అడుగుతారు, అది వేరే తీసుకుందాం.

ఇప్పుడు నా మనసులో ఉన్న భయం చెబుతాను. 2025 మార్చిలో మన ప్రభుత్వం వాయుసేన విమానాలు పంపి థాయ్ సరిహద్దులోని మే సోట్ నుంచి 500 మందికి పైగా మనవాళ్లను తీసుకొచ్చింది. థాయ్‌లాండ్‌లో మంచి ఉద్యోగమని నమ్మించి, సరిహద్దు దాటించి మయన్మార్లో సైబర్ మోసాల ముఠాల చేతికి అప్పగించారు వాళ్లను. వాళ్లలో మన తెలుగు పిల్లలూ ఉన్నారు. కాంబోడియాలో చిక్కుకున్న విశాఖ వైపు పిల్లల కథలు కూడా అంతకుముందు ఏడాదే విన్నాం. ఆ తల్లుల స్థానంలో నన్ను నేను ఊహించుకోలేను. అందుకని ఇది మాత్రం నా మాట వినాల్సిందే. టూరిస్టుగా వెళ్లిపో, అక్కడికెళ్లాక వీసా మార్పిస్తామని ఎవరన్నా అంటే వద్దు. బడి నుంచి కాగితాలు రావాలి, ఇక్కడే నాన్-ఇమిగ్రెంట్ బి వీసా తీసుకోవాలి, అక్కడ దిగాక వర్క్ పర్మిట్ చేతికి రావాలి. ఆ తర్వాతే క్లాసు. బడి పేరు చెప్పగానే ఆ బడికే ఫోను చేసి ప్రిన్సిపాలుతో మాట్లాడు. మధ్యలో ఏజెంటు ఉంటే మన ప్రభుత్వం ఈ-మైగ్రేట్ సైటులో రిజిస్టరయిన వాడేనా చూడు. వాళ్లు 30 వేల రూపాయలు, దానిమీద జీఎస్టీకి మించి తీసుకోకూడదని నిబంధన ఉంది. లక్షల్లో అడిగాడంటే అక్కడితో ఆపెయ్యి.

భయపెట్టే సంగతులే రాశాను, ఒక మంచి సంగతి కూడా రాయనీ. ప్రతి ఏటా బడులు తెరిచాక, జూన్ ప్రాంతంలో, థాయ్ బడుల్లో ‘వై ఖ్రూ’ అని చేస్తారు. పిల్లలు టీచర్ల ముందు మోకాళ్ల మీద వంగి పూలు సమర్పిస్తారు. ఆ పూలలో ఏముంటాయో తెలుసా? గరిక, వంకాయ పువ్వు, నూరువరహాల పువ్వు. గరికలా చదువు త్వరగా అల్లుకోవాలని, వంకాయ పువ్వులా తల వంచి నేర్చుకోవాలని, నూరువరహాల మొగ్గలా బుద్ధి సూదిగా ఉండాలని. ఆ కోడలు ఫొటో పంపింది. ఏడో తరగతి పిల్లాడొకడు అరిటాకు దొన్నెలో గరిక పట్టుకుని ఉన్నాడు, యూనిఫాం చొక్కా గుండీ ఒకటి ఊడి ఉంది. ఆ ఫొటో చూసినప్పటి నుంచి నాకు నువ్వు అక్కడికే వెళ్లాలని ఉంది.

ఇప్పుడు చేయాల్సిన పనులు. నీ ఒరిజినల్ డిగ్రీ (ఓడీ) ఇంకా తీసుకోలేదు, ప్రొవిజనల్ మీదే నెట్టుకొస్తున్నావు. అది చెల్లదు. ఓడీ వచ్చాకే అటెస్టేషన్: ముందు రాష్ట్ర ప్రభుత్వం, తర్వాత విదేశాంగ శాఖ, ఆ పైన థాయ్ ఎంబసీ. దీనికి వారాలు పడుతుంది, మే నెలకు అందుకోవాలంటే ఇప్పుడే కదలాలి. సోమవారం నాన్న యూనివర్సిటీకి వెళ్తానంటున్నారు. నీ సంతకంతో లెటరు, ఆధార్ జెరాక్సు, హాల్ టికెట్ నంబరు వాట్సప్‌లో పంపు. పోలీసు క్లియరెన్సుకు పాస్‌పోర్టు సేవా సైటులో నువ్వే అప్లై చేసుకోవాలి. టోయిక్ తేదీ చూసి చెబితే ఫీజు నేను వేస్తాను.

ఆదివారం సాయంత్రం సైన్సు మేడమ్ గారి కోడలు ఖాళీగా ఉంటానంది. నంబరు పంపిస్తాను, నువ్వే మాట్లాడు. జీతం గురించి అడగడానికి మొహమాటపడకు.

ఇట్లు,
మీ అమ్మ